ఏడో దుప్పటితో మొదలు

“ఎక్కడున్నావ్?”

ఆయన ఫోన్ చేసి అడిగేసరికి ఆమె దుకాణంలోనే ఉంది. పొద్దున్న పదిన్నరకి దుకాణం ఉన్న మనిషి ఇంకెక్కడుంటుంది? చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, రెండు చేతులా గుడ్డ కొలుస్తూ, “దుకాణంలోనేనండీ,” అంది.

“ఎవరున్నారు?”

“మాస్టరు మిషను మీదున్నాడు. ఒక బేరం వచ్చింది.”

“ఆడా, మగా?”

“ఆడే.”

“సరే బంగారం. అలిసిపోకు. మళ్ళీ చేస్తా.”

ఆ పూటకి అది మూడోసారి. ఎదురుగా నిలబడ్డ బేరం ముచ్చటపడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది కానీ అప్పటికి గుడ్డ ఎన్ని మీటర్ల దాకా కొలిచిందో మరిచిపోయి, మళ్ళీ మొదటి నుంచి కొలుచుకుంది.

ఆయనది ప్రేమ. అందులో వాళ్ళ వీధిలో ఎవరికీ అనుమానం లేదు. పెళ్ళై పద్ధెనిమిదేళ్ళు. పిల్లలు కలగలేదు కనక పిల్లలకి వెళ్ళాల్సిన వాటా కూడా ఆమెకే వచ్చి చేరిందని చుట్టాల లెక్క. ఆయన ఆఫీసు ఉద్యోగం ముందుగానే వదులుకుని ఇంట్లో కూర్చున్నాక ఆ ప్రేమకి తీరిక కూడా తోడైంది. ఆమె అక్క ఎప్పుడూ అంటుంది: “నేను తప్పిపోయినా మా ఆయనకి భోజనం వేళ దాకా తెలియదే. ఖాళీ కంచం చూశాక అప్పుడు వెతుకుతాడు. నువ్వు పెట్టి పుట్టావు.” అత్తగారిదీ అదే పాట. “మీ మామగారు ఒక్కనాడైనా ఎక్కడికెళ్ళావని అడిగితే ఒట్టు. నా కొడుక్కి నువ్వు కనబడకపోతే ముద్ద దిగదు.” ముద్ద దిగని ఆ మనిషికి మూడు పూటలా వండేదీ, వడ్డించేదీ, గిన్నెలు తోమేదీ ఆమే. అది ఎవరి లెక్కలోకీ రాలేదు. “నువ్వు కదలకు, నేనున్నానుగా,” అనడం ఆయన ఊతపదం. ఆమె ఆ ఇంట్లో కదలకుండా కూర్చున్న పూట మాత్రం ఒక్కటీ లేదు.

బేరం వెళ్ళాక ఇంకో అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, పొడగరి, జేబుల నిండా టేపులూ పెన్సిళ్ళూ. సినిమాకి ఆర్ట్ డైరెక్టర్నని చెప్పుకుంది. వెనక రెండు వీధుల అవతల ఖాళీగా ఉన్న పాత మేడలో షూటింగట.

“అక్కా, డబుల్ మంచానికి దుప్పటి కావాలి. లేత నీలం, తెల్ల అంచు. ఒకటే దుప్పటి, కానీ ఏడు.”

“ఏడు దుప్పట్లు అనమ్మా.”

“కాదక్కా, ఒకటే. ఒక ఆడమనిషీ మగమనిషీ దాని మీద రెండేళ్ళు గడుపుతారు. మొదట పిచ్చి ప్రేమ. చివరికి ప్రేమ పోయి పిచ్చే మిగులుతుంది. ఈ మధ్యలో దుప్పటి ఏడుసార్లు కనబడుతుంది. నాకు దాని ఏడు వయసులూ కావాలి.”

“కుటుంబంతో చూడొచ్చా ఈ సినిమా?”

“కుటుంబం ఉన్నవాళ్ళే చూడాలక్కా.”

మాస్టరు మిషను ఆపి కిసుక్కున నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. ఒకే ఒక షరతు పెట్టింది. “ఏ దుప్పటికీ దాని పక్కదానికీ తేడా ఎవరికీ తెలియకూడదు. మొదటిదీ ఏడోదీ పక్కపక్కన పరిస్తే మాత్రం గుండె ఝల్లుమనాలి.”

ఆమె ఇరవై ఏళ్ళుగా దుప్పట్లూ పరదాలూ కుట్టించి అమ్ముతోంది. పెళ్ళికి రెండేళ్ళ ముందు తనే వెతికి అద్దెకి తీసుకుని, తర్వాత నెలనెలా కట్టి తన పేర కొనుక్కున్న దుకాణం అది. రంగు వెలవదని, నూలు పోగు లేవదని, కుట్టు ఊడదని ఎంతమందికి హామీ ఇచ్చిందో. ఇప్పుడు రంగు వెలవాలి, పోగు లేవాలి, కుట్టు ఊడాలి, అదీ ఆమె చేతుల మీదుగా. “ముప్పై ఏళ్ళు కొత్తవి కుట్టాను,” అన్నాడు మాస్టరు, “పాతవి కుట్టమన్నది నువ్వేనమ్మా. రేపు చనిపోయినవాళ్ళకి కొలతలు తీయమంటావేమో.”

ఇద్దరూ కలిసి పది రోజులు కష్టపడ్డారు. రెండోదాన్ని పదిసార్లు ఉతికి ఎండలో వేశారు. మూడోదానికి మడతల దగ్గర గరుకు రాయితో రుద్ది నునుపు తీశారు. నాలుగోదాన్ని పలచటి టీ నీళ్ళలో ముంచి, దిండ్లు ఉండే చోట ఇంకొంచెం ముదురు చేశారు. ఆ పైవాటికి అంచు కుట్టు అక్కడక్కడ విప్పి, సూదితో ఒక్కో పోగూ లాగారు. చివరిదానికి మాత్రం ఆ అమ్మాయి అడిగినట్టు అంచు పొడుగునా జానెడు వెడల్పు పీలిక చించి, దాన్ని దుప్పటితోపాటే మడిచి పెట్టారు. ఏది ఎన్నోదో మరిచిపోకుండా లోపలి అంచులో దారపు ముడులు వేసింది. ఒక ముడి, రెండు ముడులు, అలా ఏడు దాకా.

పని చేస్తున్నంతసేపూ ఆమెకి ఒకటే ఆశ్చర్యం. మంచి వస్తువుని ఒక్కసారిగా పాడుచెయ్యడం సులువే, కత్తెర చాలు. ఎవరికీ తెలియకుండా పాడుచెయ్యాలంటే ఎంత ఓపిక కావాలి! ఎంత జాగ్రత్త, ఎంత మెత్తని చెయ్యి కావాలి! నాలుగోదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే మూడోదానిలాగే ఉంది. అయిదోది నాలుగోదే అనిపిస్తుంది. ఎక్కడా ‘ఇక్కడ పాడైంది’ అని వేలు పెట్టి చూపించడానికి లేదు.

గరుకు రాయితో రుద్దుతూ ఉంటే ఎందుకో స్కూటరు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఆమెకి ఒక స్కూటరు ఉండేది. “ట్రాఫిక్‌లో నువ్వు నడుపుతుంటే నా గుండె నా చేతిలో ఉండదు, నేను దింపుతానుగా,” అన్నాడు. నిజంగానే రోజూ దింపేవాడు. దాంతో స్కూటరు ఎవరికో ఇచ్చేశారు. అంతకు ముందు అక్క ఇంట్లో నెలకో రాత్రి పడుకునే అలవాటు ఉండేది, అది ఎప్పుడు పోయిందో తేదీ చెప్పడం ఆమె వల్ల కాదు. కలిసి చదువుకున్న స్నేహితురాలొకతె వచ్చి వెళ్తూ ఉండేది. ఆవిడ వచ్చి వెళ్ళిన రోజు ఆయన అన్నం తినేవాడు కాదు. అరిచేవాడూ కాదు, ఊరికే తినేవాడు కాదు. మూడుసార్లు అలా అయ్యాక స్నేహితురాలికి ‘తీరిక లేదే’ అని చెప్పింది ఆమే. ఆయన వద్దన్నట్టు ఎక్కడా దాఖలా లేదు.

ఆ వారం ఆయన ఒక కబురు తెచ్చాడు. దుకాణం పక్కనే పరుపుల షావుకారు ఉన్నాడు. అతనికి చోటు చాలడం లేదు, గోడ కొట్టి రెండూ కలుపుకుంటాడట. దుకాణం అతనికి అమ్మేలా ఆయన మాట్లాడేసి వచ్చాడు. సోమవారం సంతకం.

“నాతో ఒక మాట…” అంది ఆమె కంచం ముందు పెడుతూ.

“నీతో చెప్తే వద్దంటావని నాకు తెలియదూ? నీ కష్టం నేను చూడలేకపోతున్నా బంగారం. పొద్దస్తమానం నిలబడి నిలబడి కాళ్ళు చూడు ఎలా వాచాయో. ఇంక హాయిగా ఇంట్లో ఉండు. నా కళ్ళ ముందు ఉంటావు. నేనున్నానుగా.”

అత్తగారు మాత్ర మింగి మంచినీళ్ళు తాగుతూ, “అదృష్టవంతురాలివి,” అన్నారు. ఆమె అన్నం వడ్డించింది. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఆమెకి ఎప్పుడూ తట్టదు. కొట్టే మనిషిని ఆపమనవచ్చు. కాళ్ళు వాచాయని బాధపడే మనిషిని ఏమనాలి?

గురువారం షూటింగ్ మొదలు. ఏ దుప్పటి ఎన్నోదో ఆమెకి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి స్వయంగా వచ్చి పరవమన్నారు. గుమ్మం దగ్గర బుట్ట పెట్టి అందరి ఫోన్లూ అందులో వేయిస్తున్నారు. ఆమె తన ఫోన్ ఆపి బుట్టలో వేసింది. లోపలికెళ్ళి, ఒక ముడి ఉన్న దుప్పటి తీసి, ముడత లేకుండా మంచం మీద పరిచింది. వ్యాపారంలో మొదటి రోజు మొదటి సరుకు ఇస్తారు, ఆమెకి తెలిసిన పద్ధతి అది.

ఆర్ట్ డైరెక్టర్ పరుగున వచ్చింది. “అయ్యో అక్కా, ఇది కాదు! ఏడోది!”

“మొదలు ఇవాళే కదమ్మా?”

“షూటింగ్ మొదలు ఇవాళే. కథకి ఇవాళ చివర. హీరోకి గడ్డం ఉంది చూడు, పిచ్చివాడైనప్పటి గడ్డం. అది ఉండగా చివరి సీన్లు తీసేసి, గీయించాక ప్రేమించుకునే సీన్లు తీస్తాం.”

లైట్లు సర్దుతున్నతను అందుకున్నాడు. “మేమింతేనక్కా. ముందు కాపురం కూల్చేస్తాం, తర్వాత పరిచయం చేస్తాం.”

ఏడో దుప్పటి పరిచి ఆమె గోడవార నిలబడింది. డైరెక్టరమ్మకి యాభై దాటి ఉంటాయి, బొంగురు గొంతు. ఆవిడ చెయ్యి ఎత్తేసరికి అంతమంది మనుషుల ఊపిరి ఒక్కసారి ఆగినట్టయింది.

కిటికీలకి అడ్డంగా చెక్కలు కొట్టేసి ఉన్నాయి. మంచం మీద నటి. ఆమె కాలికి ఆ దుప్పటి పీలికే కట్టి, రెండో కొస మంచం కోడుకి ముడివేశారు. గడ్డం మాసిన నటుడు గిన్నె పట్టుకుని పాదాల దగ్గర కూర్చున్నాడు. అరుస్తాడనీ, కొడతాడనీ గోడవార ఆమె ఒళ్ళు బిగబట్టుకుంది. అతను అరవలేదు. చెంచాతో తీసి, ఊది, చల్లార్చి, నోటి దగ్గర పెట్టాడు. మూతి తుడిచాడు. గొంతులో తేనె కారుతోంది.

“నువ్వు కదలకు. నేనున్నానుగా. నీకేం తక్కువ చేశాను, చెప్పు?”

నటి నోరు తెరిచి తిన్నది. కళ్ళు మాత్రం ఆ గదిలో లేవు, లోకంలోనే లేవు. గోడవార నిలబడ్డ ఆమె గోడకి ఇంకాస్త ఆనుకుంది. భయమా అంటే భయం ఒక్కటే కాదు. తన ఇంట్లో, తన వంటగదిలో, తలుపులన్నీ వేసుకున్నాక వినబడే మాటని ముక్కూమొహం తెలియని ఈ మనుషులు ఎక్కడ విన్నారు? దండం పెట్టాలనిపించింది, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

“కట్” అనగానే నటుడు గబగబా కాలి ముడి విప్పాడు. “బిగుసుకుందా?”

“కొంచెం. ఈసారి ఇంకో వేలు సందు ఉంచు.”

“సరే.”

ఆ సీను ఎనిమిదిసార్లు తీశారు. ఎనిమిదిసార్లూ అతను ముడి విప్పి అడిగాడు. ఎనిమిదిసార్లూ నటి లేచి, కాలు దులుపుకుని, టీ తాగింది. తెర మీద కట్టేసిన మనిషి తెర బయట కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటే గోడవార ఆమె కళ్ళార్పకుండా చూసింది.

నాలుగు గంటల తర్వాత ఫోన్ తెరిస్తే ముప్పై ఒక్క కాల్స్. గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో భోజనం డబ్బా. పొద్దున్న ఆమే వండి బల్ల మీద పెట్టి వచ్చిన భోజనం. “ఆకలేస్తుందని తెచ్చా,” అన్నాడు అందరికీ వినబడేలా. మేకప్ అమ్మాయి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. “ఎంత ప్రేమండీ! మేమైతే ఇలాంటివి సినిమాల్లోనే చూస్తాం.” దారిలో ఆయన అన్నాడు, “ఫోన్ ఆపేశావ్. నువ్వేమైపోయావో అని చచ్చి బతికాను.” ఆమె క్షమించమంది. అనేశాక, దేనికి అడిగానా అని ఆలోచిస్తూ నడిచింది.

శనివారం దుప్పటి మొదటిది. గడ్డం గీయించుకున్న నటుడు పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నాడు. కిటికీల చెక్కలు తీసేసి, ఆమె కుట్టిచ్చిన పల్చటి పరదాలు వేశారు. ఎండ వాటిలోంచి వడపోసినట్టు మంచం మీద పడుతోంది. గదిలో పని ఉన్నవాళ్ళని తప్ప అందరినీ పంపేశారు. దుప్పటి ముడతలు చూసుకోవాలి కనక ఆమె ఉండిపోయింది.

తీసే ముందు డైరెక్టరమ్మ ఇద్దరినీ మంచం అంచున కూర్చోబెట్టుకుంది. ఆ పని ఎలా చేస్తారో అప్పుడు చూసింది ఆమె. నటుడు చెయ్యి గాల్లోనే ఆపి అడుగుతున్నాడు.

“భుజం?”

“సరే.”

“నడుము, ఇక్కడి దాకా?”

“సరే.”

“మెడ వెనక?”

“వద్దు.”

“సరే.”

అంతే. ఎందుకు వద్దని అతను అడగలేదు. మొహం ముడుచుకోలేదు. అన్నం మానేస్తానన్నట్టు చూడలేదు. ఆ ‘వద్దు’ మంచినీళ్ళు వద్దన్నంత తేలిగ్గా వచ్చి, అంత తేలిగ్గానే ఒప్పుదల అయిపోయింది. ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి ఇలా అడిగేవాళ్ళుంటారని నలభై మూడేళ్ళ వయసులో ఆమెకి అప్పుడు తెలిసింది. అదీ ఒకరినొకరు నాశనం చేసుకునే కథ తీస్తున్న చోట.

తర్వాత వాళ్ళు ప్రేమించుకున్నారు. ఎండ పొడలో నటి భుజం మీద నుంచి అతని వేళ్ళు జారుతుంటే, నీలం దుప్పటి పిడికిట్లో నలుగుతుంటే, ఆమె ఒంట్లో ఎక్కడో మరిచిపోయిన చోట వెచ్చబడింది. అబద్ధమెందుకు, ఆమెకీ అలాంటి మధ్యాహ్నాలు ఉన్నాయి. ఆయన గుప్పిట్లో తన మణికట్టు ఇమిడిపోతే, వదలమని అంటూనే వదలకూడదని కోరుకున్న రోజులవి. ఆ గుప్పిట ఆమెకి ఇష్టం. అది లెక్కలోంచి కొట్టెయ్యడానికి వీల్లేదు.

నటి నవ్వుతూ లేవబోయింది. “దాహంగా ఉంది.”

అతను ఆమెని మెల్లగా దిండు మీదికి ఒరిగించి, నుదుటి మీద ముద్దు పెట్టాడు. “నువ్వు కదలకు. నేనున్నానుగా.”

కెమెరా వెనక ఎవరో నిట్టూర్చారు. అంత తీయగా ఉంది ఆ మాట. పక్కన నిలబడ్డ ఆమె చెయ్యి మాత్రం దానంతట అది వెళ్ళి గోడని పట్టుకుంది. అదే గొంతు, అదే తేనె, అదే మాట. గురువారం నాటి గడ్డం ఒక్కటే తక్కువ. ఈ మంచం మీద నవ్వుతున్న పిల్లకి ఏడోది తెలియదు, రెండోది కూడా తెలియదు. తనకి తెలుసు. బతుకులో ఎవరైనా మొదలు చూసి చివరికి నడుస్తారు. చివర చూసొచ్చి మొదలు దగ్గర నిలబడటం ఎంతమందికి దొరుకుతుంది? పద్ధెనిమిదేళ్ళూ ఒకదానికీ పక్కదానికీ తేడా తెలియని రోజులన్నిటినీ ఎవరో ఎత్తి ఆమె ముందు పక్కపక్కన పరిచేశారు.

ఇంటికి వెళ్ళే దారి ఇరవై నిమిషాలే. ఆ రోజు ఆమెకి గంట పట్టింది. ఎక్కడికీ వెళ్ళలేదు, నడిచింది అంతే. ఫోన్ మోగుతూనే ఉంది.

ఆదివారం అత్తగారి పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ అడిగింది. “అత్తయ్యా, ఎక్కడికెళ్ళావని మామగారు అడగలేదని బాధపడేవారా?”

“మొదట్లో ఏడ్చేదాన్ని. నేనున్నా లేకపోయినా ఆయనకి ఒకటే కదా అని.” ముసలావిడ ఒక కాయ ఒలిచి గింజలు అరచేతిలో చూసుకున్నారు. “తర్వాత మధ్యాహ్నం పూట లైబ్రరీకి పోయేదాన్ని. అక్కణ్ణుంచి నది దాకా నడిచేదాన్ని. మెట్ల మీద కూర్చుని చీకటి పడుతుంటే వచ్చేదాన్ని. ఎవరూ అడిగేవారు కాదు.” ఇంకో కాయ అందుకుని, కోడలి వైపు చూడకుండానే అన్నారు, “నువ్వు నది చూసి ఎన్నాళ్ళైందే?”

ఆమె లెక్క వేసుకుంది. తేలలేదు. పక్క గదిలోంచి ఆయన, “ఏం మాట్లాడుకుంటున్నారు?” అని కేకేశాడు. “చిక్కుళ్ళ గురించి,” అన్నారు అత్తగారు. ఆ ఇంట్లో ముసలావిడ కొడుకుతో అబద్ధమాడటం ఆమె విన్నది అదే మొదలు.

సోమవారం పదకొండింటికి షావుకారు కాగితాలు తీసుకుని దుకాణంలోకి వచ్చాడు. ఆయన ముందే వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్టరు మిషను తొక్కడం మానేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాగితం బల్ల మీద పరిచి, సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనే వేలుతో చూపించాడు. “ఇక్కడ బంగారం.” పెన్ను మూత కూడా ఆయనే తీశాడు.

ఆమె కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ చివరి నుంచి మొదటికి చూసింది.

“వద్దు,” అంది.

ఆయన నవ్వాడు. “మా ఆవిడకి తమాషాలెక్కువ.”

షావుకారు నలభై ఏళ్ళుగా పరుపులమ్మిన మనిషి. బేరం తెగుతుందో తెగదో మొహాలు చూసి చెప్పగలడు. ఆమె వైపు తిరిగాడు. “అమ్మా, మీకు ఇష్టం లేదా? మరి వారు మీ ఇద్దరి మాటా అన్నారే?”

“దుకాణం నాది షావుకారు గారూ. అమ్మకం ఆయనది. అందుకే కుదరదు.”

షావుకారు ఇంకో మాట అనలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, “గోడ అవతలే ఉంటాను, ఏమైనా కావాలంటే పిలవండి,” అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో ముగ్గురికీ తెలిసింది.

అతను వెళ్ళేదాకా ఆయన నవ్వు మొహం మీదే ఉంది. తర్వాత లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. “నీకేం తక్కువ చేశాను?”

పద్ధెనిమిదేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు లేదు. ఇవాళ ఉంది. “ఏమీ తక్కువ చెయ్యలేదండీ. నాకంటూ ఏదీ మిగల్లేదు, అంతే. ఇదొక్కటే ఉంది.”

“నువ్వు కనబడకపోతే నేను బతకలేనని తెలుసు కదా నీకు.”

తెలుసు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె దగ్గరనుంచి ఒకటి పోయింది. ఇప్పుడు మొదటిసారి, ఏమవుతుందో చూద్దామని, ఏమీ ఇవ్వకుండా ఊరికే నిలబడింది. మాస్టరు కత్తెర ఉన్న బల్ల దగ్గరికి నెమ్మదిగా వచ్చి నిలబడ్డాడు. ఆయన ఊపిరి పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. నిలబడ్డ చోటునుంచే బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అందుకుని సగం తాగాడు.

బయట ఎండలో ఎవరో ఒకావిడ చేతిలో కిటికీ కొలతల చీటీతో ఆగింది. లోపలికి రావాలా వద్దా అని తొంగి చూస్తోంది.

“ఏమండీ,” అంది ఆమె, “దారికి అడ్డంగా ఉన్నారు. కాస్త జరగండి, బేరం వచ్చింది.”

పెళ్ళైనప్పటి నుంచి ఆమె ఆయన్ని జరగమనడం అదే మొదటిసారి. అన్నాక తన మాటకి తనే విస్తుపోయి, తరవాత ఏం జరుగుతుందో తెలియక, టేపు చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

ఆయన జరిగాడు.